నాలుగు గంటలు ఆడాను, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు

ఈ వారం ఉత్తరం ఉద్దానం వైపు నుంచి వచ్చింది. రాసినావిడ పేరు, ఊరు వేయొద్దన్నారు, వేయట్లేదు. పదకొండు పేజీలు చేత్తో రాసి ఫొటోలు తీసి పంపారు, అంతా పెట్టలేను కాబట్టి ముఖ్యమైనది చెప్తాను.

ఆవిడకి 46 ఏళ్ళు, గవర్నమెంట్ స్కూల్లో టీచర్. భర్త కిడ్నీ జబ్బుతో నాలుగేళ్ళు డయాలసిస్ మీద ఉండి 2021లో పోయారు. వారానికి మూడుసార్లు, వెళ్ళినప్పుడల్లా నాలుగు గంటలు, స్కూల్ ఉన్న రోజుల్లో సాయంత్రం షిఫ్ట్ అడిగి మరీ పక్కన కూర్చునేవారట. ఆ ఖర్చులకి వాళ్ళ అన్నయ్య తన జీడితోట తాకట్టు పెట్టి డబ్బు సర్దారు, ఆ అప్పు ఇంకా పూర్తిగా తీరలేదు. కొడుకు కాకినాడలో ఇంజనీరింగ్. అన్నయ్య కూతురు, 24 ఏళ్ళ పిల్ల, బెంగళూరులో ఉద్యోగం. దసరా సెలవులకి ఆ మేనకోడలు "అత్తా, ఎన్నాళ్ళు ఆ ఇంట్లో ఒక్కదానివీ కూర్చుంటావ్, నాలుగ్రోజులు ఉండి వెళ్దువు గాని రా" అని టికెట్ తీసి పంపితే వెళ్ళారు.

శనివారం రాత్రి తొమ్మిదికి పిల్ల ఫోన్‌కి లొకేషన్ వచ్చింది, అప్పటిదాకా ఎక్కడో ఎవరికీ తెలీదు. ఊరి చివర ఖాళీ గోడౌన్. గేటు దగ్గర ఒకబ్బాయి ఇద్దరి ఫోన్లకీ ముందూ వెనకా కెమెరాల మీద గుండ్రటి ఎర్ర స్టిక్కర్లు అంటించి లోపలికి పంపాడు. లోపల చీకటి, పొగ, ఒక మూల ఒకటే ఎర్ర బల్బు. పాట లేదు, మాట లేదు, ఒకటే దరువు. మొదటి గంటన్నర వాటర్ క్యాన్ల పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఎప్పుడు ఇంటికి పోదామా అనుకున్నారట. తర్వాత జరిగింది ఆవిడ మాటల్లోనే పెడుతున్నాను:

"ముందు నా కాలి బొటనవేలు కదిలింది మేడమ్. నేను కదపలేదు. అది చూసి నాకే భయమేసింది. మా నాన్న తప్పెటగుళ్ళు ఆడేవారు, రొమ్ముకి తప్పెట కట్టుకుని కాళ్ళకి గజ్జెలతో. చిన్నప్పుడు అరుగు మీద కూర్చుని చూసేదాన్ని, కిందకి దిగి ఒక్క అడుగేస్తే మా నాన్నమ్మ 'ఏటే గుంటా ఆ గెంతులు' అని జబ్బ పట్టుకుని లాగేసేది. ఆ రాత్రి నన్ను లాగడానికి ఎవరూ లేరు. పన్నెండున్నరకి లేచాను, నాలుగున్నరకి ఆగాను. మధ్యలో ఏడ్చాను కూడా. ఎవరూ ఏమైందని అడగలేదు, జుట్టు ముడేసుకున్న కుర్రాడొకడు మంచినీళ్ళ బాటిల్ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు."

తెల్లవారుజామున ఆటోలో తిరిగొస్తుంటే వీధిలైటు వెలుతుర్లో పిల్ల మొహం చూశారు. కళ్ళల్లో నల్లగుడ్డు మొత్తం పరుచుకుని ఉంది, పళ్ళు నూరుతోంది, చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. అడిగితే దాచలేదు. "సగం బిళ్ళే అత్తా, ఎప్పుడో ఒకసారి. నాన్నకి చెప్పకు. నువ్వు ఆడావని నేనూ ఎవరికీ చెప్పను" అంది.

ఇక ఆవిడ అడుగుతున్నవి: భర్త పోయిన మనిషిని, ఇంత వయసొచ్చి అలా ఆడానే, తప్పు చేశానా? మా అన్నయ్యకి ఆ బిళ్ళ సంగతి చెప్పాలా వద్దా? సంక్రాంతి వెళ్ళాక ఇంకో పార్టీ ఉంది రమ్మంటోంది, నాకు వెళ్ళాలనుంది, అన్నిటికన్నా అదే నాకు సిగ్గుగా ఉంది.

చెల్లెమ్మా, నేను మీకన్నా పదేళ్ళు పెద్దదాన్ని కాబట్టి ఇలా పిలుస్తున్నాను.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండుసార్లూ ఆటోలో ఆ పిల్ల అన్న మాట దగ్గరే ఆగిపోయాను. "నువ్వు ఆడావని నేనూ చెప్పను." ఆ పిల్ల చెడ్డ ఉద్దేశంతో అని ఉండదు, భయంలో నోటికొచ్చింది అనేసింది, కానీ ఆ ఒక్క మాటతో మీరు ఆడిన ఆటా తను మింగిన బిళ్ళా ఒకే త్రాసులో కూర్చున్నాయి, దీనికి అది చెల్లు అన్నట్టు. మీరూ ఒప్పేసుకున్నారు. అప్పట్నుంచి ఆ పిల్లని గట్టిగా ఒక్క మాట అడగాలన్నా మీకు నోరు రావట్లేదు, ఎందుకంటే మీరూ ఏదో దొంగతనం చేసినట్టే ఫీలవుతున్నారు. ముందు ఈ రెండిటినీ విడదీద్దాం. మీ ఆట మీది. దాని బిళ్ళ దానిది. రెంటికీ బేరం లేదు.

మీ ఆట సంగతి ముందు.

నేను విజయనగరంలో పుట్టి పెరిగాను. పైడితల్లమ్మ పండక్కి ఘటాలు ఎత్తుకుని వచ్చే ఆడవాళ్ళని మూడు లాంతర్ల దగ్గర నిలబడి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. డప్పుల మోత పెరిగేకొద్దీ ఒకావిడ జుట్టు విరబోసుకుని ఊగిపోతుంది, పక్కవాళ్ళు పట్టుకుంటారు, కాళ్ళ మీద పసుపునీళ్ళు పోస్తారు, సిగ్గులేదా అని ఒక్కరూ అనరు. ఎందుకంటే ఆడుతున్నది అమ్మవారు, ఆవిడ కాదు. మన ఊళ్ళల్లో నడివయసు ఆడమనిషి ఒళ్ళు మరిచి ఆడాలంటే అదొక్కటే దారి, తన పేరు మీద ఆడ్డానికి లేదు. మీరు ఆ గోడౌన్లో మీ పేరు మీదే ఆడారు. నీళ్ళు పోసేవాళ్ళు అక్కడా ఉన్నారు చూడండి, ఆ జుట్టు ముడి కుర్రాడు. అందుకే మీకు అది మంచిగానూ ఉంది, దొంగతనంగానూ ఉంది.

మీరు విన్న ఆ మాటల్లేని మిషన్ల సంగీతాన్ని టెక్నో అంటారు, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో మీకు తెలిస్తే కొంచెం బరువు తగ్గుతుందనిపించి చెప్తున్నాను. 1977లో అమెరికాలో షికాగోలో వేర్‌హౌస్ అని ఒక క్లబ్ ఉండేది, పేరుకి తగ్గట్టే పాత గోడౌన్ లాంటిది, అక్కడ ఫ్రాంకీ నకల్స్ అనే నల్లజాతి డీజే రాత్రంతా రికార్డులు తిప్పేవాడు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి వాళ్ళు, స్వలింగ సంపర్కులు, మిగతా చోట్ల గుమ్మం ఎక్కనివ్వని వాళ్ళు. అక్కడి సంగీతానికి హౌస్ మ్యూజిక్ అనే పేరు ఆ క్లబ్ పేరులోంచే వచ్చిందంటారు. తర్వాత 80ల్లో డెట్రాయిట్ పక్కన బెల్‌విల్‌లో కలిసి చదువుకున్న ముగ్గురు నల్లజాతి కుర్రాళ్ళు, వాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్, డ్రమ్ మిషన్లతో టెక్నో తయారుచేశారు. 1989లో బెర్లిన్ గోడ పడ్డాక అక్కడి ఖాళీ బిల్డింగుల్లోకి ఇదే పాకింది, 2024లో జర్మనీ వాళ్ళు బెర్లిన్ టెక్నోని తమ సాంస్కృతిక వారసత్వం జాబితాలో చేర్చుకున్నారు కూడా. మనకీ మరీ పరాయిదేం కాదు, 1982లోనే బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అనే ఆయన అలాంటి మిషన్ల మీదే మన రాగాలు వాయించి రికార్డు వేశారు, అప్పట్లో పట్టించుకున్నవాళ్ళు లేరు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే ఆ చీకటి, ఆ స్టిక్కర్లు, ఎవరూ ఎవర్నీ చూడకపోవడం, ఇవన్నీ ఎక్కడా చోటు లేనివాళ్ళ కోసం పుట్టిన అలవాట్లు. టీచరు, విధవ, ఫలానావారి చెల్లెలు అని ఎవరూ చూడని చోటు మీకు దొరకడం కాకతాళీయం కాదు, అది అందుకే పుట్టింది.

ఆ దరువు సంగతి కూడా. నిమిషానికి ఇంచుమించు 120 నుంచి 140 దెబ్బలు, అన్నీ ఒకే ఎడంతో, మాటల్లేకుండా. మాటలుంటే మనసు వాటిని పట్టుకుని ఎక్కడికో పోతుంది, లేనప్పుడు ఒళ్ళు ఒక్కటే మిగులుతుంది, తర్వాతి దెబ్బ ఎక్కడ పడుతుందో ఒంటికి ముందే తెలిసిపోతుంది. తప్పెట పట్టిన మీ నాన్నగారికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. మీ బొటనవేలికి కూడా ఆ దరువు పాతచుట్టమే.

ఇంకొక్కటి. మీ ఉత్తరం ఆరో పేజీలో, వేరే ఏదో చెప్తూ మధ్యలో రాశారు, డయాలసిస్ మిషన్ పక్కన ఆ పంపు గిర్రుగిర్రుమని తిరగడం చూస్తూ కూర్చునేదాన్ని, అది టింగ్ టింగ్ మంటే గుండె జారిపోయేది, ఇప్పటికీ స్టాఫ్ రూమ్‌లో ఎవరి ఫోనో అలా మోగితే లేచి నిలబడిపోతాను అని. నేను లెక్క వేశాను చెల్లెమ్మా. వారానికి మూడు చొప్పున నాలుగేళ్ళంటే ఆరువందల సార్లు పైనే. అందులో సగం సార్లే మీరు పక్కనున్నారనుకున్నా పన్నెండొందల గంటలు మీరు మిషన్ చప్పుడు వింటూ కదలకుండా కూర్చున్నారు. అన్నేళ్ళూ మిషన్ చప్పుడంటే మీకు ఒకటే అర్థం, అది తేడాగా మోగితే ఆయన ప్రాణం మీదకి వస్తుంది. ఆ రాత్రి ఒక మిషన్ నాలుగు గంటలు మోగింది, ఎవరికీ ఏమీ కాలేదు, మీరు కదలొచ్చు. మీరు ఏడ్చింది ఆయన్ని మరిచిపోయి అని నాకైతే అనిపించట్లేదు. ఇది నా ఊహే, మీకు తగలకపోతే వదిలేయండి. కానీ ఆయనకి అన్యాయం చేశానన్న మాట మాత్రం మీ ఉత్తరంలో ఏ పేజీలోనూ నాకు కనపడలేదు, కూర్చున్న మనిషి లేచి నిలబడటం కనపడింది.

అందుకని ఆడటం తప్పా అంటే కాదు. అందరికీ చెప్పాలా అంటే అక్కర్లేదు, కొడుక్కి ఎప్పుడైనా చెప్పాలనిపిస్తే చెప్పండి, లేకపోతే లేదు.

ఇప్పుడు పిల్ల.

మీరు చెప్పిన లక్షణాలు, నల్లగుడ్డు పెద్దదవడం, పళ్ళు నూరడం, ఒళ్ళు వేడెక్కడం, ఇవి ఎండీఎంఏ, అంటే ఎక్స్‌టసీ అనే బిళ్ళకి సరిపోతాయి. దాని పేరు చెప్పుకుని అమ్మే బిళ్ళల్లో నిజంగా ఏముందో ల్యాబ్‌లో టెస్ట్ చేస్తే తప్ప తెలీదు, పక్కపక్క బిళ్ళల్లోనే మోతాదు వేరుగా ఉండొచ్చు, కాబట్టి "సగమే" అన్న లెక్కకి అర్థం లేదు. అసలు ప్రమాదం వేడి. ఆ మందు ఒంట్లో వేడి పెంచుతుంది, గాలి ఆడని గోడౌన్లో గంటల తరబడి ఆడితే అది ఇంకా పెరుగుతుంది. అలాగని లీటర్లు లీటర్లు నీళ్ళు తాగేసినా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ రావొచ్చు, ఆడపిల్లల్లో ఇది ఎక్కువ. డిప్రెషన్‌కి మందులు వాడేవాళ్ళు ఇది వేసుకుంటే కొన్ని రకాల మందులతో ప్రాణాపాయం ఉంది, ఆ పిల్ల అలాంటివేమైనా వాడుతోందేమో మీకు తెలీదు, నాకూ తెలీదు, తనని అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. రెండు మూడు రోజుల తర్వాత మనసు బాగా కుంగిపోవడం కూడా ఉంటుంది.

మన మత్తుమందుల చట్టం 1985ది, ఆ బిళ్ళ దగ్గర ఉంచుకున్నా వాడినా నేరమే, సరదాకి ఒక్కసారి అంటే పోలీసులు వినరు.

మీ ముందు మూడు దార్లు కనపడుతున్నాయి నాకు.

అన్నయ్యకి ఇప్పుడే చెప్పేయడం. ఆయన మీ కోసం తోట తాకట్టు పెట్టిన మనిషి, ఆయన దగ్గర దాచడం మీకు కుంపటిలా ఉందని రాశారు, నిజమే. చెప్తే మీ గుండె తేలికవుతుంది. కానీ అన్నయ్య గురించి మీరు రాసిన దాన్నిబట్టి ఆయన రాత్రికి రాత్రి బయల్దేరి పిల్లని తీసుకొచ్చేస్తారు, ఉద్యోగం మాన్పించేస్తారు, ఆర్నెల్లలో పెళ్ళి చేసేస్తారు. బిళ్ళ ఆగొచ్చు, ఆగకపోవచ్చు కూడా. ఒకటి మాత్రం ఖాయం, ఆ పిల్ల జన్మలో ఇంకెప్పుడూ తన చెయ్యి కాలుతున్నప్పుడు మీ చేతికి ఇవ్వదు.

రెండోది, ఇలాగే ఊరుకోవడం. ఇది అన్నిటికన్నా సులువుగా కనపడుతుంది, ఎందుకంటే ఇప్పటికి మీరు చేస్తున్నది అదే. ఏమీ కాకపోతే ఏమీ కాదు. అయితే మాత్రం, ఒక అర్ధరాత్రి అన్నయ్యకి హాస్పిటల్ నుంచో స్టేషన్ నుంచో ఫోన్ వస్తే, "నీకు ముందే తెలుసా?" అని ఆయన అడిగే ప్రశ్నకి మీ దగ్గర జవాబు ఉండదు. దాన్ని మోయగలరో లేదో మీకే తెలియాలి.

మూడోది, ముందు పిల్లతో మీరే కూర్చోవడం. నాకు దీనివైపే మొగ్గుగా ఉంది, కాని ఇది బరువైన దారి, ముందే చెప్తున్నాను. ఫోన్లో వద్దు. సంక్రాంతికి ఎలాగూ వస్తుంది కదా, ఇంట్లో వదిన చెవిలో పడకుండా తోట వైపు తీసుకెళ్ళండి. మొదటి మాటే ఆ బేరం రద్దు చేయండి. "నేను ఆడిన సంగతి నువ్వు మీ నాన్నకి చెప్పుకోవాలంటే చెప్పుకో, నాకేం భయం లేదు. నీ బిళ్ళ సంగతి వేరు" అనండి. ఈ మాట మీరు భయం లేకుండా అనగలిగిన రోజే ఆ పిల్ల ముందు మీరు మళ్ళీ మేనత్త అవుతారు. తర్వాత అడగండి, ఎన్నాళ్ళుగా, నెలకి ఎన్నిసార్లు, ఎవరిస్తున్నారు, డబ్బులెక్కడివి, ఒక్కదానివే ఉన్నప్పుడు కూడా వేసుకున్నావా, ఇంకేమైనా కలిపావా. తిట్టకుండా అడగండి, క్లాసులో కాపీ కొట్టిన పిల్లాణ్ణి అడిగేటప్పుడు మీకు ఒక గొంతు ఉంటుంది కదా, అరవదు గానీ వదలదు, ఆ గొంతు.

మీ హద్దు కూడా అప్పుడే చెప్పేయండి, ఇదిగో ఇది నా దగ్గర ఆగుతుంది, ఇది ఆగదు అని. ఉదాహరణకి, అది లేకపోతే వారం గడవట్లేదన్నా, అప్పులు చేస్తున్నా, ఒంటరిగా వేసుకుంటున్నా, వేరేవాళ్ళకి కొనిపెడుతున్నా నేను మీ నాన్నకి చెప్తాను, నీకు చెప్పే చెప్తాను, వెనకాల కాదు. ఇందులో ఆఖరిదాన్ని చిన్నదిగా తీసుకోవద్దు, ఫ్రెండ్ కోసమే తీసుకెళ్ళానన్నా చట్టం దాన్ని సరఫరా కిందే చూస్తుంది. ఒకవేళ మానలేకపోతున్నానంటే 14446 అని మత్తు అలవాటు మానడానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. ఇంకొకటి దాని చేత బట్టీ పట్టించండి, తనకైనా పక్కవాళ్ళకైనా ఒళ్ళు మండిపోతూ మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా, లేపితే లేవకపోయినా వెంటనే 108కి ఫోన్ చేసి డాక్టరుకి ఏం వేసుకున్నారో ఉన్నదున్నట్టు చెప్పాలి, పోలీసుల భయంతో గంట ఆలస్యం చేస్తే ప్రాణం పోతుంది.

ఈ మూడో దారిలో మీకు పడే బరువేంటంటే, మీరు అన్ని జాగ్రత్తలూ తీసుకున్నాక కూడా ఏదైనా జరిగితే అన్నయ్య మిమ్మల్ని క్షమించకపోవచ్చు. అది తెలిసి ఒప్పుకుంటేనే ఈ దారి పట్టండి.

సంక్రాంతి వెళ్ళాక పార్టీ గురించి. వెళ్ళాలని ఉండటం సిగ్గుపడాల్సింది కాదని పైన చెప్పాను, మళ్ళీ చెప్పను. కానీ అదే గోడౌన్‌కి వెళ్ళడం గురించి ఒక టీచరుగా ఆలోచించండి. అలాంటి చోట పోలీసులు రైడ్ చేస్తే లోపలున్న అందర్నీ తీసుకెళ్ళి పరీక్షలు చేయిస్తున్నారు. మీ రక్తంలో ఏమీ దొరకదు, కానీ ప్రభుత్వ ఉద్యోగి 48 గంటలు దాటి కస్టడీలో ఉంటే సస్పెండ్ అయినట్టే లెక్క, ఆ రెండు రోజుల్లో టీవీలో వచ్చే ముక్క మీ ఊరు చేరడానికి రెండు గంటలు చాలు. మీ జీతం మీద కొడుకు చదువుంది, అన్నయ్య అప్పుంది. లైసెన్స్ ఉన్న క్లబ్బుల్లో ఇదే సంగీతం పెట్టే రాత్రులు బెంగళూరులో ఉంటాయి, ఒంటిగంటకల్లా మూసేస్తారు, అంత చీకటి ఉండదు, ఎవరైనా ఫొటో తీయొచ్చు, మీరు పొందిన స్వేచ్ఛ సగమే దొరుకుతుంది. కానీ రైడ్ భయం చాలా తగ్గుతుంది. పిల్ల ఆ రోజు ఏమీ వేసుకోనని మాటిస్తేనే తనతో వెళ్ళండి, లేకపోతే అక్కడ మీరు ఆడరు, దాని కళ్ళు చూస్తూ నిలబడతారు, మళ్ళీ మిషన్ పక్కన కూర్చున్నట్టే. ఇంకోటి, బెంగళూరే అక్కర్లేదు, ఆదివారం మధ్యాహ్నం తలుపేసుకుని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మీ హాల్లో ఆడొచ్చు. ఆ స్పీకర్ల మోత గుండెల్లో కొట్టినట్టు ఉండదు, నిజమే, కానీ వారం వారం ఉంటుంది. మీ నాన్నగారి జట్టులో ఇంకా ఎవరైనా ఉంటే అడుగులు నేర్పమని అడగండి, ఇప్పుడు మీ జబ్బ పట్టి లాగేవాళ్ళు లేరు.

ఎక్కడ ఆడినా చెవులు చూసుకోండి. ఆ రాత్రి తర్వాత రెండు రోజులు చెవిలో కీచురాయి అరిచినట్టు ఉందని రాసి, దాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు. 85 డెసిబెల్స్ శబ్దం ఎనిమిది గంటలు భరించే చెవి 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే భరిస్తుంది, మీరు స్పీకర్ల ముందు నాలుగు గంటలు ఉన్నారు. ఇంకా ఆ హోరు ఉంటే ఈ వారమే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించుకోండి. లేకపోతే మెడికల్ షాపులో ఫోమ్ ఇయర్ ప్లగ్స్ రెండు జతలు కొని బ్యాగులో పెట్టుకోండి, ఒక జత మీకు, ఒక జత ఆ పిల్లకి.

సంక్రాంతికి తోటలో ఏం మాట్లాడుకున్నారో, తను ఏమందో, మీకు వీలైతే రాయండి.